అల్లుడుగారికి పెళ్ళిచూపులు

ఆ ఆదివారం పొద్దున్న పది గంటలకు రత్నం ఇంటి ముందు ఆటో ఆగింది. సిల్కు లాల్చీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దిగి, ఒక చేత్తో చక్కెరకేళీలు, ఇంకో చేత్తో ఖాకీ కవరు పట్టుకుని, గేటును మోకాలితో నెట్టుకుని లోపలికి వచ్చాడు.

"నా పేరు గవర్రాజండి. పిఠాపురం నించి వచ్చానండి. వరహాలమ్మగారు రమ్మని ఫోన్ చేశారు. పెళ్ళికొడుకు ఇంట్లోనే ఉన్నారాండి?"

రత్నం చేతిలో ఇడ్లీపిండి గరిటె గాల్లోనే ఉండిపోయింది. కాకినాడలో ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. నలభై మూడేళ్ళ రత్నం, ఆమె భర్త త్రివిక్రమరావు, ఆమెను పురిటి గుడ్డుగా ఉన్నప్పటినుంచి పెంచిన మేనత్త వరహాలు. ఈ ముగ్గురిలో పెళ్ళికొడుకు ఎవరో ఆమెకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఇంతలో వరహాలు జరీ అంచు చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చేసింది. "రండి రండి, కూర్చోండి. మా చంటి బంగారమండి. చిన్నప్పుడు మా జామచెట్టు మీద ఒక్క కాయ నిలవనిచ్చేవాడు కాదు గానీ, ఇప్పుడు బుద్ధిమంతుడు. ఎందుకో మరి, నలభై అయిదు దాటినా పెళ్ళి మాట ఎత్తడు. మీ చెల్లెలికి వాడైతేనే ఈడూజోడూ."

రత్నం గరిటె కింద పెట్టింది. చంటి అంటే త్రివిక్రమరావే. వెనకవీధి కుర్రాడు. జామకాయల కోసం గోడ దూకుతూ దూకుతూ చివరికి ఆ ఇంటికే అల్లుడయ్యాడు. పెళ్ళయిన రోజు నుంచి వరహాలు అతన్ని చంటీ అని పిలవడం మానేసి, మర్యాదగా అల్లుడుగారూ అనడం మొదలుపెట్టింది. అది జరిగి పద్దెనిమిదేళ్ళు.

ఎవరొచ్చారో చూద్దామని త్రివిక్రమరావు సగం గడ్డానికి నురగతో, లుంగీతో బయటికొచ్చాడు. గవర్రాజు లేచి దణ్ణం పెట్టాడు.

"తమరు పెళ్ళికొడుకు అన్నగారాండి?"

"చంటి అంటే నేనేనండి."

"ఆయ్. మరి 'మా అల్లుడుగారు పాలిటెక్నిక్‌లో లెక్చరరు, కుర్రాడి గురించి ఆయన్నడగండి, అన్నీ చెప్తారు' అన్నారు కదండీ అమ్మగారు?"

"ఆ అల్లుణ్ణి కూడా నేనేనండి."

గవర్రాజు కాసేపు ఆలోచించాడు. "అంటే, మీ సంబంధానికి మీరే సిఫార్సు చేస్తారాండి?"

"అల్లుడుగారూ, అలా నిలబడిపోయారేంటి?" అంది వరహాలు. "వెనకవీధికెళ్ళి చంటిగాణ్ణి త్వరగా తయారై రమ్మనండి. ఆ వెధవ ఇంకా నిద్ర లేచుండడు."

పద్దెనిమిదేళ్ళుగా అత్తగారి మాట కాదనడం ఎరగని త్రివిక్రమరావు, అలవాటు కొద్దీ వెనకవీధి వైపు రెండడుగులు వేసి, ఎక్కడికెళ్తున్నాడో తట్టి ఆగిపోయాడు.

గవర్రాజుకు విషయం అర్థమవడానికి రెండు కప్పుల కాఫీ పట్టింది. పాపం ఆయన మంచివాడే. ఒక్క మాట కూడా తూలలేదు. "మా చెల్లెలు పొద్దుటి నించి ఫోను దగ్గరే కూర్చుందండి. దానికేం చెప్పమంటారో మీరే సెలవియ్యండి" అని మాత్రం అడిగాడు. కవరు తీసుకున్నాడు, ఒక్క క్షణం తటపటాయించి చక్కెరకేళీలు కూడా తీసుకుని వెళ్ళిపోయాడు.

తప్పు వరహాలుది కాదు. ఎవరిదో రత్నానికి బాగా తెలుసు, తనదే.

వరహాలు ఒకప్పుడు కాకినాడ ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నాలుగు వందల నంబర్లు నోటికి వచ్చేవి. అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి. తర్వాత, ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు, ఎవరింట్లో పెళ్ళయింది అన్నవి కలగాపులగమయ్యాయి. రత్నం పనిచేసేది సరిగ్గా అలాంటివాళ్ళ కోసం ఒక పరికరం తయారుచేస్తున్న పరిశోధనాలయంలో. దాని పేరు జ్ఞప్తి. చింతగింజంత ఉంటుంది, చెవి వెనక అతుక్కుంటుంది. పొద్దస్తమానం విన్నదంతా దాచుకుంటుంది. "ఈయనెవరు?" అని పెదాల కదలికతో అడిగితే చాలు, "సుబ్బారాయుడు, మందుల షాపు, పోయినేడు కంటి ఆపరేషను" అని చెవిలో గుసగుసగా చెబుతుంది. మొట్టమొదటి జ్ఞప్తిని ఎనిమిది నెలల కిందట వరహాలు చెవికే పెట్టారు, పాత సంగతులన్నీ ఆవిడ చేతే దానికి చెప్పించారు.

రోజంతా పోగైన మాటల గుట్టను ఆ గింజకు పట్టేటట్టు కుదించి అమర్చేది కంపైలరు అనే ప్రోగ్రాము. అది రాసింది రత్నం. అందులో ప్రతి మనిషికీ ఒక గది, గదికో నంబరు, నంబరుకో పేరు. మనిషి గురించి కొత్త సంగతి తెలిస్తే గది తలుపు తీసి రాసుకోవాలి. కానీ తలుపు తీసిన ప్రతిసారీ బ్యాటరీ తరుగుతుంది. అందుకని రత్నం ఒక సూత్రం పెట్టింది. రెండు పేర్లు వేర్వేరు రకాలవైతే, అంటే ఒకటి పిల్లవాడి పేరు, ఒకటి పెద్దమనిషి పేరు అయితే, అవి ఒకే మనిషివి కావు అనుకోవాలి. ఒకదానిలో రాస్తే రెండోదాన్ని తెరిచి చూడనక్కర్లేదు. ఆ ఒక్క సూత్రంతో బ్యాటరీ ఆరు గంటల నుంచి రెండు రోజులకు పెరిగింది. ఆ రోజు ఆఫీసులో అందరికీ కాజాలు పంచింది కూడా.

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే గదులు తెరిచి చూసింది. రెండు వందల పన్నెండో గదిలో చంటి: జామకాయలు, గోడ దూకుడు, లెక్కల్లో తప్పాడు, పెళ్ళి కాలేదు. పద్దెనిమిది వందల నలభయ్యో గదిలో అల్లుడుగారు: లెక్చరరు, బీపీ మాత్ర, పెళ్ళయింది. పెళ్ళి సంగతి యంత్రం ఒక గదిలోనే రాసుకుంది. రెండో గది తలుపు ఎవరూ తట్టలేదు.

డైరెక్టర్ డాక్టర్ భానోజీ ఆమె వెనకే నిలబడి చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నవ్వే పని కాదిది, రత్నంగారూ" అన్నాడు. "వచ్చే నెల ఒకటో తారీకున ముప్ఫైమంది పెద్దవాళ్ళకి పెడుతున్నాం. ముప్ఫైమంది ఇళ్ళల్లో ముప్ఫై పెళ్ళిచూపులు జరిగితే మనల్ని ఊళ్ళో ఉండనివ్వరు. ఆ సూత్రం తీసెయ్యండి."

రత్నం తీసేసింది. ఇప్పుడిక ఏ పేరైనా ఏ మనిషిదైనా కావచ్చు. కనక, ఏ సంగతి అడిగినా జ్ఞప్తి అన్ని గదులూ ఒక్కొక్కటే తెరిచి చూసుకుని గానీ నోరు విప్పదు. ఏ మాటకైనా జవాబు రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ సాయంత్రం పక్కింటి రాజ్యం వచ్చి వసారాలో కూర్చుంది. వరహాలు ఆవిడకు కాఫీ ఇస్తూ, రాజ్యం ఎన్ని చెంచాల పంచదార వేసుకుంటుందో జ్ఞప్తిని అడిగింది. జవాబు రాలేదు. రాజ్యం చప్పటి కాఫీనే తాగుతూ కబుర్లలో పడింది. మాటల మధ్యలో కళ్ళొత్తుకుని, "మా మేనమామగారు పోయారు వదినగారూ. నిన్న తెల్లారగట్ట" అంది.

సరిగ్గా అప్పుడు వరహాలు చెవిలో గుసగుస వినిపించింది. వరహాలు మొహం విప్పారింది.

"రెండు చాలు. అంతకన్నా ఎక్కువైతే ఒంటికి మంచిది కాదు" అంది.

రాజ్యం వారం రోజులు వీళ్ళ గడప తొక్కలేదు.

"జవాబు అరసెకనులో రావాలండి" అన్నాడు భానోజీ మర్నాడు. "నాలుగు నిమిషాలకు వచ్చేదాన్ని జ్ఞాపకం అనరు, పోస్టులో వచ్చిన ఉత్తరం అంటారు. యంత్రమే ఊహించాలి. ఒకే ఇల్లు, ఒకే బంధువులు ఉండి, ఎప్పుడూ ఇద్దరూ ఒక్కచోట కనపడకపోతే, వాళ్ళిద్దరూ ఒక్క మనిషే. చంటీ అల్లుడుగారూ ఎప్పుడైనా పక్కపక్కన కూర్చుని భోంచేశారా? చెయ్యలేదు కదా!"

వినడానికి బాగానే ఉంది. ఎక్కడో ఏదో మెలిక ఉందని రత్నానికి అనిపించింది. కానీ ఒకటో తారీకు ఇంకా పదకొండు రోజులే ఉంది. రాసేసింది. గదులు కలిసిపోయాయి. చంటికి పెళ్ళయింది, అల్లుడుగారు లెక్కల్లో తప్పారు. జవాబులు చిటికెలో వచ్చాయి. భానోజీ ఈసారి తనే కాజాలు తెప్పించాడు.

గురువారం పొద్దున్న రత్నం స్కూటరు తాళాలు వెతుక్కుంటుంటే వరహాలు వచ్చి గుమ్మం పక్కన ఒదిగి నిలబడింది. కొంగు నిండా కప్పుకుని, తల వంచుకుని, ఎడంకాలి బొటనవేలితో నేల గీస్తోంది.

"అమ్మా, మ్యాట్నీకి వెళ్ళొస్తానే. మా ఎక్స్ఛేంజి పిల్లలందరూ వెళ్తున్నారు. అయిదింటికల్లా వచ్చేస్తాను."

రత్నం వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

అప్పుడు తెలిసింది మెలిక ఎక్కడుందో. రత్నం పూర్తి పేరు సీతారత్నం. అది వాళ్ళ నాయనమ్మ పేరు. కన్నతల్లి పేరు పెట్టి పిల్లను తిట్టలేక, కొట్టలేక, వరహాలు ఆమెను పుట్టినప్పటినుంచీ బుల్లీ అనే పిలిచింది. ఒకే పేరు, ఒకే ఇల్లు, ఒకే బంధువులు. నాయనమ్మ పోయి నలభై ఏళ్ళు దాటింది, ఇద్దరూ ఒకచోట కనబడే వీలే లేదు. యంత్రం ఇద్దర్నీ కలిపేసింది.

"ఏంటమ్మా, పలకవు? కోపమా?"

"వెళ్ళిరా" అంది రత్నం.

వరహాలు సంబరంగా లోపలికి పరుగెత్తబోయింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు. పాలవాడు వస్తే వాడితో గర్వంగా చెప్పింది: "మా అమ్మ కంపైలరు రాస్తుందిరా. స్కూటరు మీద ఆఫీసుకెళ్తుంది. ఈ వయసులో కూడా ఒక్క పన్ను ఊడలేదు." వాడు రత్నం వైపు ఒకలా చూసి పాలు కొలవడం మరిచిపోయాడు.

రత్నం ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చుని సూత్రం సరిచేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం వరహాలు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆమె పక్కన చేరింది. త్రివిక్రమరావు కాలేజీకి వెళ్ళాడు. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా, ఆ సామర్లకోట వాళ్ళకి వద్దని కబురు చేసెయ్యవే."

రత్నం చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "ఎవరు?"

"అదే, ఆ స్టేషన్ మాస్టరు సంబంధం. మనిషి మంచివాడే. నన్ను చూసి నవ్వాడు కూడా. కానీ బుల్లిని తీసుకురావద్దంటున్నారు. చంటిపిల్లని ఎక్కడ వదిలెయ్యను? అన్నయ్య చూస్తే రెండో పెళ్ళి చేసుకుని బళ్ళారిలో కూర్చున్నాడు. నువ్వా, మంచంలోంచి లేవలేవు. నేను రానని చెప్పెయ్. మళ్ళీ సంబంధాలు చూడకు."

ఈ మాట రత్నానికి ఎవరూ చెప్పలేదు. అత్త పెళ్ళెందుకు చేసుకోలేదని చిన్నప్పుడు అడిగితే, "ట్రంక్ ఆపరేటరుకి రాత్రి డ్యూటీలుంటాయి, ఎవడు చేసుకుంటాడే" అని నవ్వేసేది. రత్నం అది నిజమే అనుకుని నలభై మూడేళ్ళు బతికేసింది.

"చెప్తాను" అంది చివరికి.

"కోపం లేదు కదా? అప్పుడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు."

"లేదు. నువ్వు మంచి పని చేశావు."

వరహాలు తేలిగ్గా నిట్టూర్చి, చిక్కుడుకాయల పళ్ళెం ఆమె ఒళ్ళోకి తోసింది. "అయితే ఈ సగం నువ్వు తియ్యి."

సాయంత్రానికి రత్నం గదులు విడదీసింది. తీరా చూస్తే తన గది తనకి ఉంది గానీ నాయనమ్మ గది ఖాళీ. ఎనిమిది నెలలుగా వరహాలు కూర్చోబెట్టి చెప్పినవన్నీ, వాళ్ళమ్మ నడక, వంట, కోపం, సామెతలు, వాటి మీదే స్కూటరూ కంపైలరూ వచ్చి పడ్డాయి. కింద ఉన్నది చెరిగిపోయింది. పాత ప్రతి ఏదైనా ఉందేమోనని వెతికింది. అది కూడా బరువు తగ్గించడానికి తనే తీసేయించింది.

అత్తకు నిజం చెప్పాలి. వసారాలోకి వెళ్ళి మెట్టు మీద కూర్చుని చెప్పింది, దాపరికం లేకుండా. వరహాలు ఓపిగ్గా విన్నది.

"అంటే, మా అమ్మ లైను కట్ చేశావన్నమాట."

"అవునత్తా. నా తప్పే."

"సరే, రాసుకో. మళ్ళీ చెప్తాను."

చెప్పింది. సగం చెప్పింది. పులిహోరలో వాళ్ళమ్మ ఏదో కలిపేది, అదేమిటో రాలేదు. తను ఎక్స్ఛేంజిలో ఉద్యోగానికి వెళ్ళిన మొదటి రోజు అమ్మ గుమ్మంలో నిలబడి ఒక మాట అంది, అదీ రాలేదు. "ఏదో అంది. తిట్టి ఉండదులే" అంది వరహాలు చివరికి. రత్నం తల వంచుకుని అదే రాసింది.

కాసేపటికి వరహాలే మళ్ళీ మొదలుపెట్టింది. "ఒసే బుల్లీ, మీ యంత్రానికి నోరుంది కదా, అడగదేం? మాకు ఫోన్ చేసి కామాక్షమ్మగారింటికి కలపమనేవారు. అదే ఇంటిని ఒకరు డాక్టరుగారిల్లు అనేవారు, ఇంకొకరు మేడిల్లు అనేవారు. అన్నీ నలభై ఏడో నంబరే. ఊళ్ళో కామాక్షమ్మలు మాత్రం ముగ్గురు. మేం ఊహించేవాళ్ళమా? ఏ కామాక్షమ్మగారండీ అని అడిగేవాళ్ళం. అడిగితే పరువేం పోదు."

మర్నాడు రత్నం ఇదే మాట భానోజీకి చెబితే ఆయన ఒప్పుకోలేదు. "మరుపు వచ్చినవాళ్ళనే అడిగితే ఇక యంత్రం ఎందుకండీ?"

"ఎవరికేం జరిగిందో మరిచిపోతారు సార్. ఎవరు తమకేమవుతారో అంత తొందరగా మరిచిపోరు. పొరపాటున చెప్పినా అది వాళ్ళ పొరపాటు. చెరిపేసిన పొరపాటు మాత్రం మనది."

"ముప్ఫైమందికి ఆలస్యమవుతుంది."

"అవనివ్వండి. లేదంటే ముప్ఫై ఇళ్ళల్లో ఎవరి అమ్మ గదో చెరిగిపోతుంది. ఆ పని నా చేత్తో చెయ్యను."

భానోజీ ఆమె మొహం చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, తేదీ రెండు నెలలు వాయిదా వేశాడు.

కొత్త జ్ఞప్తి పెట్టిన రోజున భానోజీ కూడా రత్నం ఇంటికి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అనుమానం వస్తే యంత్రం ఇప్పుడు గదులు కలపదు, విడదీయదు, అడుగుతుంది. అదేం అడుగుతోందో తెర మీద కనబడుతుంది.

*చంటి, అల్లుడుగారు: ఒకరా, ఇద్దరా?*

"ఒకడే" అంది వరహాలు. త్రివిక్రమరావు హమ్మయ్య అనుకున్నాడు.

*రాక్షసి, పక్కింటి రాజ్యం: ఒకరా, ఇద్దరా?*

"మెల్లిగా అడగవే!" అని వరహాలు కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించి, "ఒకత్తే" అంది.

*డైరెక్టరుగారు, బట్టతల సన్నాసి: ఒకరా, ఇద్దరా?*

వరహాలు భానోజీని ఎగాదిగా చూసింది. ఆ రెండో పేరు ఆ ఇంట్లో ఎవరు వాడుతున్నారో ఆయన అడగలేదు. రత్నం మాత్రం కాఫీ తెస్తానంటూ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

అలా పదకొండు ప్రశ్నలు అయ్యాయి. పన్నెండోది వచ్చింది.

*మేనకోడలు రత్నం, కూతురు బుల్లి: ఒకరా, ఇద్దరా?*

గుమ్మంలో రత్నం ఆగిపోయింది. ఆఫీసు కాగితాల మీద, రేషన్ కార్డు మీద ఆమె మేనకోడలు. ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికొస్తే "మా అమ్మాయి" అనేది వరహాలు. అది ఇన్నాళ్ళుగా రెండు గదుల్లో పోగవుతోందని రత్నానికే తెలియదు.

వరహాలు చెవి వెనక గింజను వేలితో సర్దుకుంది.

"ఇద్దరుగానే ఉంచు" అంది.

"అదేంటండీ, వరహాలమ్మగారూ?" అన్నాడు భానోజీ. "ఒక్కరే కదా?"

"ఒక్కత్తే, నాకు తెలీదా? అయినా ఉంచండి. ఒకదానితో పోట్లాట వస్తే, ఇంకోదానితో చెప్పుకోవాలి కదా!"

భానోజీ ఏం చెయ్యమంటారన్నట్టు రత్నం వైపు చూశాడు. అది తప్పు సమాధానం. బ్యాటరీ దండగ. ఒక్కరి సంగతి ఎప్పటికీ రెండుచోట్ల రాసుకోవాలి.

"ఆవిడ చెప్పిందే ఆఖరు మాట సార్" అంది రత్నం, వచ్చి కంప్యూటరు మీద తనే నొక్కింది.

ఆ సాయంత్రమే గొడవ వచ్చింది. వంకాయ కూరలో అల్లం వేశావని వరహాలు, నువ్వే వెయ్యమన్నావని రత్నం. అయిదు నిమిషాలు అటూఇటూ అయ్యాక వరహాలు విసురుగా వసారాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాసేపటికి అక్కడినుంచి కేక వినిపించింది.

"బుల్లీ! ఒకసారి ఇలా రావే. ఆ రత్నం నన్నేమందో విన్నావా?"

రత్నం స్టవ్వు ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని, వసారాలోకి వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఏమంది?" అని అడిగింది.